మాసిపోతే తీసుకురండి

స్టూడియో అత్త పోయిందన్న కబురు నాకు మా కొట్లోనే అందింది. ఉదయం పది గంటల వేళ. రొయ్యల మేత బస్తాల పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. నాన్న పక్క వాటాలోంచి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్క పోయిందమ్మా" అన్నాడు. అంతకు గంట ముందే గోడ అవతల ఆవిడ ట్రేలు కడుగుతున్న చప్పుడు విన్నాను.

గుండె ఆగిందని డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు. మధ్యాహ్నానికి వీధి ఇంకో కారణం కనిపెట్టింది. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకరు, "ఆ మందుల గదే తినీసినాది" అన్నారు. పక్కావిడ, "ఎంతమంది సెప్పినా విన్నాదేటి" అంది. సాయంత్రం దాకా ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి తిరిగింది. చివరికి అత్త కొడుకు కూడా నాన్న దగ్గర అదే మాట అని ఏడ్చాడు.

నేను ఆ రోజు ఏమీ అనలేదు. కాన్వెంటులో చదివినన్నాళ్ళూ సిస్టర్లు నా ప్రోగ్రెస్ కార్డులో ఒకటే వాక్యం రాసేవారు: క్లాసులో నోరు విప్పదు. ఇప్పటికీ విప్పడం సరిగా రాదు. రాయడం కొద్దిగా వచ్చు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ మాట తప్పు. ఆ గది ఆవిడను తినలేదు.

టెక్కలిలో మాది ఎరువుల కొట్టు. రొయ్యల చెరువుల మందులు కూడా అమ్ముతాం. పక్క వాటాలో ఫొటో స్టూడియో. అత్త మాకు చుట్టం కాదు. నాన్న అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది, ఆవిడ కొడుకు బావ అయ్యాడు. స్టూడియో బోర్డు మీద ఉన్నది మావయ్య పేరు. ముందు గదిలో ఫొటో తీసేది ఆయన. వెనక చీకటి గదిలో ఫిల్ము కడిగి, బొమ్మను కాగితం మీదికి ఎక్కించేది అత్త. ఊరి మెచ్చుకోళ్ళన్నీ ముందు గదిలోనే ఆగిపోయేవి. నేను పుట్టకముందే మావయ్య పోయాడు. తర్వాత రెండు గదులూ అత్తే చూసుకుంది. కంప్యూటర్లు వచ్చాక ముందు గది బావది అయింది. పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు, సెల్‌ఫోను కవర్లు. వెనక గదిని మాత్రం ఆవిడ వదల్లేదు.

ఎందుకు వదల్లేదో ఆ రెండు గదుల మధ్య తలుపు మీద రాసి ఉండేది. రేకు ముక్క మీద తెల్ల రంగుతో అత్త స్వయంగా రాసిన అక్షరాలు. "ఇక్కడ కడిగిన ఫొటో మాసిపోతే తీసుకురండి. మళ్ళీ కడిగి ఇస్తాము."

చిన్నప్పుడు అది వ్యాపారం కోసం రాసిన మాట అనుకున్నాను. అది ఒప్పుకోలు. కాన్వెంటులో చదివిన పిల్లను కదా, ఒప్పుకోలు అంటే ఏమిటో నాకు తెలుసు.

ఫొటో పని తెలియని వారికి రెండు ముక్కలు చెప్పాలి. వెలుతురు పడిన కాగితాన్ని మొదటి మందులో ముంచితే బొమ్మ తేలుతుంది. వెలుతురు తగలని వెండి మాత్రం ఇంకా కాగితంలోనే దాగి ఉంటుంది. దాన్ని బయటికి లాగేది హైపో. సరిగా లాగకపోయినా ఆ రోజుకి ఫొటో బాగానే ఉంటుంది. తీసుకెళ్ళి గోడకి తగిలించుకుంటారు. ఏళ్ళు గడిచాక ఆ మిగిలినదే గోధుమరంగు మరకగా మారి, మొహాలను కమ్మేస్తుంది.

అత్తకు పాతికేళ్ళు నిండని రోజుల్లో ఒక పెళ్ళిళ్ళ సీజన్. ముహూర్తాల మీద ముహూర్తాలు. విజయనగరం నుంచి రావాల్సిన హైపో రాలేదు. ఉన్న కాస్త కొత్త హైపోను ఫిల్ముకి వాడింది. ఫిల్ములు కడిగేసిన ఆ నీళ్ళనే పారబోయకుండా ప్రింట్ల ట్రేలో పోసి, సీజనంతా నెట్టుకొచ్చింది. ఫిల్ములు కడిగేసరికే హైపో అలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత కాగితం ఇస్తే పని సగంలో వదిలేస్తుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసే చేసింది.

ఏడెనిమిదేళ్ళకి మొదటి ఫొటో తిరిగి వచ్చింది. వచ్చినవాళ్ళతో మావయ్య గోడ చెమ్మ అని చెప్పి పంపేశాడట. మర్నాడే అత్త రేకు ముక్క తెచ్చి రాసింది.

"పిచ్చేటి నీకు? మన తప్పు మనవే సాటుకుంటావా?" అన్నాడట మావయ్య.

"నీ పేరు బయటున్నాది. నా తప్పు లోపలుండనీ," అందట అత్త.

రేకు అక్కడే ఉండిపోయింది. నలభై ఏళ్ళ పాటు మాసిన ఫొటోలు వస్తూనే ఉన్నాయి. నేను చూసినవే పదో పన్నెండో ఉంటాయి. సంతబొమ్మాళి నుంచి ఒక పెద్దావిడ తన పెళ్ళి ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టి, "పెళ్ళికొడుకు మొగం ఎగిరిపోనాది, సూడే" అంది.

అత్త భూతద్దం పెట్టి చూసింది. "నీ మొగం బాగానే ఉన్నాది."

"నా మొగం అద్దంలో సూసుకుంటాను. మొన్న వేసంగిలో ఆడు కూడా ఎగిరిపోనాడు. ఫొటోలోనన్నా కూకోబెట్టు."

ఆవిడ నవ్వుతూనే అంది. అత్త నవ్వలేదు. ఆ వారంలోనే దాచిన నెగెటివు వెతికి, కొత్త కాగితం మీద పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి పంపింది.

నేను ఆ గదిలో అడుగుపెట్టడానికి కారణం కూడా హైపోయే. అప్పుడు ఇంటర్లో ఉన్నాను. ఫొటో మందులు అమ్మే కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒక సాయంత్రం అత్త మా గుమ్మంలో కూర్చుని నాన్నతో, "ఇంక రేకు దించీడమే తమ్ముడూ. హైపో ఎవుడూ ఇవ్వట్నేదు" అంటోంది. నేను లోపల కెమిస్ట్రీ చదువుకుంటున్నాను. నేను వీపు ఆనించిన బస్తా మీద సోడియం థయోసల్ఫేట్ అని ఉంది. రొయ్య పిల్లలను పెంచే నీళ్ళలో క్లోరిన్ విరగ్గొట్టడానికి వాడే సరుకు. ఇక్కడి చెరువుల వాళ్ళూ, భోగాపురం వైపు హేచరీల వాళ్ళూ కొంటారు. హైపో అన్నా అదే అని నా పుస్తకంలో ఉంది. లేచి బయటికి వచ్చి ఆ మాట చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

"అత్తా, మన దగ్గరుంది," అన్నాను.

"ఏటున్నాది?"

"హైపో. రొయ్యల బస్తాలో."

నాన్న నవ్వాడు. "రొయ్యలకేసింది మనుషులకెయ్యమంటావేటే?"

అత్త లేచి లోపలికి వచ్చింది. బస్తాలోంచి గుప్పెడు పలుకులు తీసి గ్లాసు నీళ్ళలో వేసి, గ్లాసు నా చేతిలో పెట్టింది. పలుకులు కరుగుతున్న కొద్దీ గ్లాసు చల్లబడింది. వేసవి సాయంత్రం, ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా అయింది. "అదే," అంది అత్త. తర్వాత స్టూడియోలోంచి కడగని ఫిల్ము ముక్క ఒకటి తెచ్చి అందులో పడేసింది. పాలలా ఉన్న ముక్క కాసేపటికి అద్దంలా తేటపడింది. అత్త నా వైపు చూసి, "గుంటా, రేపట్నించి సాయంత్రాలు రా. నీ పుస్తకాలు ఎక్కడికీ పోవు" అంది.

ఆ గదిలో ప్రతి రోజూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది. ఇవాళ ఏ హైపో? ఫిల్ముది వేరు, కాగితానిది వేరు. సీసాలు వేరు, గరాటు కూడా వేరు. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కితే ఫిల్ము మీద పూత మెత్తబడి గోరు తగిలితే లేచి వస్తుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో ఫిల్ము హైపోలో పటిక పడాలి. కాగితానికి పటిక వద్దు. అది గట్టిపడితే ఎంత కడిగినా లోపలి మందు బయటికి రాదు. ప్రింట్లకు ఎప్పుడూ రెండు ట్రేలు. మొదటి ట్రేలో పని చాలా మటుకు అవుతుంది, మిగిలింది రెండోది పూర్తి చేస్తుంది. మొదటిది అలిసిపోతే పారబోసి, రెండోదాన్ని ముందుకు జరిపి, వెనక కొత్తది పెట్టాలి. అలిసిందో లేదో ఫిల్ము ముక్క చెబుతుంది. కొత్త హైపోలో అది తేటపడటానికి ఎంతసేపు పట్టిందో, దానికి రెట్టింపు పడితే ఇక ఆ హైపోను నమ్మకూడదు.

"ఇంకో రెండు ప్రింట్లు వస్తాయేమో అత్తా," అని ఒకసారి అన్నాను.

"అలగనే నానూ అనుకున్నాను," అంది. నేనే సీసా పారబోశాను.

ఆవిడ ఎప్పుడూ మెచ్చుకునేది కాదు. ఒక ట్రేలోంచి ఇంకో ట్రేకి చెయ్యి మార్చే ముందు వేళ్ళు వాసన చూసుకునేది. నా వేళ్ళు కూడా చూసేది. ప్రింటు బాగా వచ్చిందనుకుంటే, సగానికి అట్టముక్క కప్పి వారం రోజులు కిటికీలో ఎండకు పెట్టేది. అట్ట తీసి చూసినప్పుడు రెండు సగాలూ ఒకేలా ఉంటే, ఆ ప్రింటును నా చేతికిచ్చి వెళ్ళిపోయేది. అదే మార్కులు వేయడం.

ఆ ఎర్ర బల్బు వెలుతురులో నాకు నోరు వచ్చేది. ఎదుటివాళ్ళ కళ్ళు సరిగా కనిపించవు కదా, అందుకేమో. ట్రే ఊపుతూ నిలబడే ఆ ఐదు నిమిషాలు నన్ను కథ చెప్పమనేది. చదివిన పుస్తకాలన్నీ అక్కడ చెప్పాను. కథ సాగదీస్తే, "ఆ రాజుగార్ని బేగి సంపీవే, ప్రింటు తియ్యాల" అనేది.

ఇప్పుడు ఆయాసం సంగతి చెప్పాలి. అత్తకు ఆయాసం ఉండేది, దాచను. పాత పద్ధతిలో హైపోకు ఒక పులుపు మందు కలుపుతారు. దాన్నుంచి గంధకం ఘాటు లేస్తుంది. ఆ ఘాటులో ఆవిడ నలభై ఏళ్ళకు పైగా నిలబడింది. నేను చేరిన రెండో ఏడు చలికాలంలో దగ్గు ఆగకపోతే శ్రీకాకుళం తీసుకెళ్ళాం. డాక్టరు అంతా విని, "ఆ గది మానేయండమ్మా" అన్నాడు.

"గదిలో ఏటి పడట్నేదో సెప్పండి బావూ. అది మానీస్తాను."

"ఈ వయసులో ఎందుకమ్మా మీకీ పని?"

"మీ వయసెంత?"

"యాభై ఎనిమిది."

"మరి మీరింకా మానీనేదేటి?"

డాక్టరు తల వంచుకుని మందులు రాశాడు. బస్సులో తిరిగి వస్తూ అత్త నా వైపు తిరిగింది. "పుస్తకాలు సదువుతావు గదా. ఏది పడట్నేదో నువ్వు సెప్పు," అంది.

వారం రోజులు వెతికాను. పడనిది ఆ పులుపు మందు నుంచి లేచే ఘాటు. పులుపు కలపకుండా ఉత్త హైపో వాడవచ్చు. వాసన ఉండదు. అయితే మొదటి మందుకీ హైపోకీ మధ్య కాగితాన్ని నీళ్ళు మార్చి మార్చి జాడించాలి. హైపో త్వరగా పాడవుతుంది, తరచూ పారబోయాలి. పని రెట్టింపు అవుతుందని చెప్పాను.

"రొయ్యల బస్తా ఉన్నాది, సేతులున్నాయి," అంది.

గోడకి గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించాం. ఆ తర్వాత ఆరేళ్ళకు పైగా ఆవిడ ఆ గదిలో పని చేసింది. దగ్గు వచ్చేది. నూర్పిళ్ళ రోజుల్లో ధూళికి వచ్చేది, వీధిలో చెత్త తగలబెడితే వచ్చేది. ఆ గదిలో రాలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నాకు తెలుసు. వీధిలో వాళ్ళకు తెలియదు.

బావ నమ్మేవాడు కాదు. ఆయన భయం ఆయనది. తల్లి పని త్వరగా ముగించుకుని బయటికి వస్తుందని ఆన్‌లైన్‌లో ఒక ఫిక్సర్ బాటిలు తెప్పించాడు. అది అమ్మోనియంతో చేసిన వేగం మందు. హైపో పది నిమిషాలు తీసుకునే పనిని రెండు నిమిషాల్లో చేస్తుంది, ఘాటు మాత్రం దానికీ ఉంది. అత్త దాన్ని పక్కన పడెయ్యలేదు. ఫిల్ము కడిగే డబ్బాకి వెలుతురు చొరని మూత ఉంటుంది కాబట్టి, పెరట్లో గాలికి కూర్చుని ఆ మందుతో ఫిల్ములు కడిగేది. ప్రింట్లు కడిగేది మూసిన గదిలో, తెరిచిన ట్రేల్లో. వాటికి ఉత్త హైపోయే. "ఇది బేగి పన్సేస్తాది. ఆదమరిసి ఉంచీసినావా, మొగంలో సన్న నీడలు కూడా తినీస్తాది," అని నాకు చెప్పి, "మీ బావకి సెప్పు, ఫిల్ముకి బాగుందన్నానని" అని ముందు గదికి కబురు పంపింది. రెండు గదుల మధ్య దూరం నాలుగడుగులు.

పోయిన నెలలో భావనపాడు నుంచి ఒకావిడ వచ్చింది. చేపల బుట్ట మోసి మోసి మెడ కాస్త ముందుకు వంగిన మనిషి. వయసు అత్తదే ఉంటుంది. ఒక ప్లాస్టిక్ కవరు విప్పి, దాని లోపల ఇంకో కవరు విప్పి, ఒక ఫొటో తీసింది. స్టూడియో కుర్చీలో ఆరేడేళ్ళ పిల్లాడు. కాళ్ళు నేలకి అందడం లేదు. నిక్కరు, చొక్కా బొత్తాలు కనిపిస్తున్నాయి. మొహం ఉండాల్సిన చోట టీ ఒలికినట్టు మరక.

ఆవిడ కొడుకు. పెద్దవాడయ్యాక వేటకి వెళ్ళాడు. పడవ తిరిగి వచ్చింది, వాడు రాలేదు. అంతే చెప్పింది. వాడిది ఇంకో ఫొటో లేదు.

"ఉప్పుగాలికి ఇలగైపోనాది తల్లీ. సముద్రం పక్కనిల్లు గదా," అంది.

అత్త ఫొటో తిరగేసి, వెనక పెన్సిలుతో వేసిన నంబరు చూసింది. ఆ సీజనుదే.

"ఉప్పుగాలి కాదు అప్పా. నానే."

"నువ్వేటి సేసినావు?"

"సచ్చిన హైపోలో కడిగినాను. తెలిసే కడిగినాను."

ఆవిడకు హైపో అంటే ఏమిటో తెలియదు. కాసేపు అత్త మొహం చూసి, "అయితే నువ్వే బాగుసెయ్యి" అంది.

నెగెటివు దొరికింది. దాన్ని కొత్త హైపోలో కడిగింది కదా, అంచున ఒక గీత తప్ప నిన్న తీసినట్టే ఉంది. కాగితం మాత్రం అయిపోయింది, హైదరాబాదు నుంచి పార్సిలు రావాలి. "నాలుగో మంగళారం రా అప్పా. నీ కొడుకుని నీ సేతిలో పెడతాను," అంది అత్త. పార్సిలు వచ్చింది. ఆ మర్నాడు ఉదయం గోడ అవతల నేను విన్న ట్రేల చప్పుడు ఆ ఫొటో కోసమే. పని మొదలు కాకుండానే అత్త పోయింది.

పన్నెండో రోజు అయ్యాక బావ ఆ గది ఖాళీ చేయిద్దామనుకున్నాడు. పాత సామాన్లు కొనే అతను ఆటో తెచ్చి స్టూడియో ముందు పెట్టాడు. అదే నాలుగో మంగళవారం. ఆటో చూసి నేను పరుగున వెళ్ళాను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"బావా, ఒక్క ఫొటో చెయ్యాలి. భావనపాడు ఆవిడది. ఇవాళ వస్తుంది."

"నెగిటివ్ తే. స్కాన్ సేసి పది నిమిషాల్లో తీసిచ్చెస్తాను."

"ఆ ఇంకు సముద్రం పక్కన ఎన్నాళ్ళుంటుంది?"

"లేమినేషన్ సేద్దాం."

"మావయ్య ఫొటో కూడా లేమినేషన్ చేశావు కదా బావా."

ముందు గది గోడ మీద మావయ్య ఫొటో ఉంది. బావ తన ప్రింటర్లో పెద్దది చేసి పెట్టాడు. ఐదేళ్ళు కాలేదు, మొహం గులాబీ రంగుకి తిరిగింది. బావ దాని వైపు చూడకుండా, "అమ్మని ఆ గదే తినీసినాది. నీకూ అదే కావాలేటే?" అన్నాడు.

"గది కాదు బావా. డాక్టరు రాసింది గుండె అని. ఆరేళ్ళుగా ఆ గదిలో అత్త దగ్గలేదు. నువ్వొక్కసారి లోపలికొచ్చి ఉంటే నీకూ తెలిసేది."

ఒకరి మొహం మీద నేను అంత మాట అనడం అదే మొదలు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. బావ తాళాల గుత్తిలోంచి వెనక గది తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"మజ్జానం దాకా. ఆ తరవాత ఆటోవోడు ఆగడు," అన్నాడు. నేను లోపలికి వెళ్తుంటే, "బేగి అవ్వాలంటే ఆ బాటిలున్నాది గదా" అని వెనక నుంచి అన్నాడు.

నిజం చెబుతాను. ఆ మాట వినగానే ప్రాణం లేచివచ్చింది. రెండు నిమిషాల్లో అయిపోతుంది. బాటిలు దించి, మందు కలిపి, ఫిల్ము ముక్క వేశాను. వంద లెక్కపెట్టాను. మూడు వందలు లెక్కపెట్టాను. ముక్క ఇంకా సగం పాలలాగే ఉంది. బాటిలు మూత తీసి ఏళ్ళయింది, అడుగున పసుపు పొడి పేరుకుంది.

దాంట్లోనే ముంచి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. బావకి తెలియదు, ఆవిడకి తెలియదు. ఏడెనిమిదేళ్ళు ఆ మొహం నిక్షేపంగా ఉంటుంది. ఆ సీజనులో అత్త ఎక్కడ నిలబడిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను నిలబడిన చోటే, ఆ బల్ల ముందే. కలిపిన మందు పారబోసి, బాటిలు కూడా వంపేసి, హైపోకి నీళ్ళు కాచడానికి వెళ్ళాను.

ఈలోగా ఆవిడ వచ్చింది. బావ సంగతి చెప్పినట్టున్నాడు. పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి, "పెద్దామె పోయినాదంటగదా. మరి నా ఫొటో?" అంది.

"చేస్తున్నానమ్మా. టైం పడుతుంది."

"అలగే. కూకుంటాను," అని మెట్టు మీద కూర్చుంది.

మొదటి కాగితం నల్లగా వచ్చింది. రెండోది పలచన. మూడోదాంట్లో ముందు కుర్చీ కోళ్ళు, తర్వాత బొత్తాలు, ఆఖరున కళ్ళు తేలాయి. కెమెరాకి భయపడుతున్న కళ్ళు. నీళ్ళలో జాడించాను. మొదటి ట్రేలో ఐదు నిమిషాలు, రెండో ట్రేలో ఐదు నిమిషాలు, ఊపుతూ నిలబడ్డాను. చెప్పడానికి ఏ కథా గుర్తుకు రాలేదు.

తర్వాత పెరట్లో తొట్టిలో వేసి నీళ్ళు మారుస్తూ కడగాలి. ముందు వైపు ఆటో హారన్ మోగింది. బావ పెరట్లోకి వచ్చాడు.

"ఇంకా ఎంతసేపే?"

"గంట కడగాలి."

"కడిగినదాన్నే కడుగుతావేటి?"

"అవును."

ఆటో అతను కూడా వెనకే వచ్చి, ఆలస్యమైపోతోందని గొణిగాడు. మెట్టు మీద ఆవిడ అతని వైపు తిరిగి, "నీ బండిలో ఏటున్నాయి బావూ, సేపలేటి, కుళ్ళిపోడానికి? పాత ఇనప సామానే గదా. కడగనీ" అంది. అతను నవ్వేసి టీ తాగడానికి పోయాడు.

బావ తొట్టి మీదికి వంగాడు. నీళ్ళ కింద పిల్లాడు కదులుతున్నట్టు ఉన్నాడు. "ఈ కుర్సీ మా మేడ మీదున్నాది," అన్నాడు. తలెత్తి, "లోపలిదంతా నీకు కావాలేటి?" అని అడిగాడు.

"కావాలి."

"ఎక్కడెడతావు?"

నేను జవాబు చెప్పే లోపలే గోడ అవతల నుంచి నాన్న గొంతు వినిపించింది. "మన గొడౌనులో ఎట్టమ్మా. మందుల కొట్లో ఇంకో మందు వాసన ఎవుడికి తెలుస్తాది?"

అలా ఆ ఆటోలోనే ట్రేలు, ప్రింటు చేసే యంత్రం, నెగెటివుల బిస్కెట్ డబ్బాలు స్టూడియో గుమ్మం నుంచి మా గుమ్మానికి వచ్చాయి. మీ ఇంట్లో వెనక పెన్సిలు నంబరు ఉన్న ఫొటో ఏదైనా ఉంటే, దాంట్లో మొహాలు మాసిపోతుంటే, టెక్కలిలో ఎరువుల కొట్టుకి తీసుకురండి. నేను ఎక్కువ మాట్లాడను. పని మాత్రం చేసి ఇస్తాను. ఆ గది మనిషిని తింటుందని ఎవరైనా మళ్ళీ అంటే, వాళ్ళు కూడా రావచ్చు. లోపల ఇంకో మనిషి నిలబడటానికి చోటుంది.

ఆ రోజు గంట కడిగాక ప్రింటు అంచున కొంచెం కత్తిరించి, ఆ ముక్క మీద పరీక్ష మందు ఒక చుక్క వేశాను. వెండి మిగిలి ఉంటే అక్కడ గోధుమరంగు మరక తేలుతుంది. ఆవిడ కూడా నా పక్కన వంగి చూసింది. మూడు నిమిషాలు గడిచాయి. కాగితం తెల్లగానే ఉంది.

"ఆరడానికి రేపటిదాకా పడుతుందమ్మా. రేపు రండి," అన్నాను.

"రేపొస్తానని ఆడూ ఎల్లినాడు," అంది ఆవిడ. "తడిదే ఇచ్చీ."

నీళ్ళు అద్ది, శుభ్రమైన అట్ట మీద పరిచి ఇచ్చాను. తడి బొమ్మకి వేలు తగలకూడదని చెప్పాను. ఆవిడ రెండు అరచేతులూ చాపి అట్టను వాటి మీద పెట్టించుకుంది. బస్టాండు దాకా ఆవిడ సంచీ నేను మోశాను. బస్సు ఎక్కించి, సంచీ భుజానికి తగిలించి, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, దిగి కిటికీ కింద నిలబడ్డాను.

ఆడవాళ్ళ ఉచిత టికెట్టుకని కండక్టరు వచ్చి, "ఆధార్ సూపించమ్మా" అన్నాడు.

"సంచీలో ఉన్నాది బావూ, నువ్వే తీసి సూసుకో. నా సేతులు కాళీ నేవు."

అతను ఆవిడ చేతుల మీద ఉన్నదాన్ని వంగి చూశాడు. ఏమీ అడగకుండా టికెట్టు కొట్టి, ఆవిడ సంచీలో పెట్టాడు. బస్సు కదిలింది. స్టాండు దాటేచోట గతుకులో చక్రం పడి అందరూ ఒక్కసారి ఊగారు. ఆవిడ వీపు సీటుకి ఆనలేదు. మోచేతులు గాల్లోకి లేచి, మళ్ళీ నెమ్మదిగా సమంగా నిలబడ్డాయి. వాటి మీద ఇంకా తడిగా ఉన్న పిల్లాడు ఎండకు ఒకసారి మెరిశాడు.